దారిబత్తెం: ఫోర్ట్ కొచ్చిలో చిత్రకారుల ఇంట బస

ఫోర్ట్ కొచ్చి వెళ్లినప్పుడల్లా నేను దిగే చిత్రకారుల ఇంటి గురించి ఆమధ్య ఈ శీర్షికలో నాలుగు ముక్కలు రాశాను. మూడు గదులు అద్దెకిచ్చి, పొద్దున ఫలహారం పెట్టి, మిగిలిన వేళంతా తమ పని తాము చేసుకునే దంపతుల ఇల్లు అది. ఉత్తరాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆ ఇంటి చిరునామా ఇవ్వమన్నవాళ్లే ఎక్కువ. అది పత్రికలో వేయను. మూడు గదుల ఇంటికి మూడు వందల ఫోన్లు వస్తే వాళ్లు కుంచె పట్టుకునేదెప్పుడు? అలాంటి ఇళ్లు ఫోర్ట్ కొచ్చిలోనూ, పక్కనే ఉన్న మట్టాంచేరిలోనూ ఇంకా ఉన్నాయి. మీకు సరిపడేదాన్ని మీరే ఎంచుకునేందుకు పనికొచ్చే సంగతులు చెబుతాను.

ప్రశ్న: టీచరుగారూ, హోటల్లో అయితే గది శుభ్రం చేసేవాళ్లు, అడిగిన వేళకు కాఫీ తెచ్చేవాళ్లు ఉంటారు. దాదాపు అంతే డబ్బు పెట్టి ఒకరి ఇంట్లో ఒదిగి ఒదిగి ఎందుకు ఉండాలి? మా ఆవిడకు మీ మాట నచ్చింది, నాకే నమ్మకం కుదరడం లేదు. (విశ్రాంత అధ్యాపకులు, గుంటూరు)

జవాబు: సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. సేవలు కావాలంటే హోటలుకే వెళ్లండి. చిత్రకారుల ఇంట్లో గంట కొడితే ఎవరూ రారు. రాత్రి పదింటికి దోసె దొరకదు. దుప్పట్లు రోజూ మార్చరు. అక్కడ మీరు డబ్బిచ్చేది ఒక మంచానికి, ఒక పూట ఫలహారానికి, పని జరుగుతున్న ఇంట్లో కొన్నాళ్లు మసలే వీలుకి. ఈ మూడోది హోటల్లో ఎంత పెట్టినా దొరకదు.

నేను దిగే ఇంట్లో ఆయన తైలవర్ణ చిత్రాలు వేస్తారు, ఆవిడ రాగి రేకుల మీద ఎచింగు చేసి, అంటే ఆమ్లంతో గీతలు కొరికించి, ముద్రలు తీస్తారు. కింద ముందు గదిలో ఆవిడ ముద్రణ యంత్రం, దాన్ని ఆనుకునే ఫలహారం బల్ల. ఒకనాడు మేం పుట్టు (బియ్యప్పిండి, కొబ్బరి కలిపి ఆవిరి మీద ఉడికించేది), కడల కూర ముందు పెట్టుకుని కూర్చునేసరికి ఆవిడ రేకు నిండా నల్ల సిరా పూసి, పలచని గుడ్డతో దాన్నంతా తుడిచేస్తున్నారు. పక్క గదిలో దిగిన పుణె అమ్మాయి ఉండబట్టలేక, పూసిందంతా ఎందుకు తుడిచేస్తున్నారని అడిగేసింది. ఆవిడ మాటల్లో చెప్పకుండా రేకును కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూపించారు. పైపైన రాగి మెరిసిపోతోంది. ఆమ్లం కొరికిన సన్నని గీతల్లో మాత్రం సిరా నిలిచి ఉంది. ముందే తడిపి, అద్ది ఉంచిన మందపాటి కాగితాన్ని రేకు మీద పరిచి, పైన ఉన్ని గుడ్డ కప్పి, చక్రం తిప్పమని ఆ అమ్మాయికే అప్పగించారు. కాగితాన్ని ఒక మూల పట్టుకుని నెమ్మదిగా లేపుతుంటే తీరంలోని చీనా వల ఒకటి బయటపడింది, కుడి ఎడమలు తారుమారై. వల పైకెత్తేటప్పుడు బరువుకు తాళ్లకు వేలాడదీసే రాళ్లు కూడా అందులో ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. పుట్టు చల్లారిపోయినా ఎవరికీ పట్టలేదు. బళ్లో ఇన్నేళ్లు బొమ్మలు నేర్పిన నాకు ఎచింగు అంటే పుస్తకంలో చదివిన పేరాగ్రాఫు మాత్రమే. ఆ పొద్దుటితో అది చేతిపని అయింది.

ఇంకో మాట కూడా ఉంది, దాన్ని నేను గట్టిగా నమ్ముతాను. ఆ గది అద్దె వస్తోంది కాబట్టే ఆయన తనకు నచ్చిన బొమ్మ వేయగలుగుతున్నారు. హోటళ్ల గోడలకు కథకళి ముఖాలు డజన్ల కొద్దీ వేసిపెట్టమని అడిగేవాళ్లు ఆ ఊళ్లో ఎప్పుడూ ఉంటారు. నెల ఖర్చులు గదుల మీద గడిచిపోతుంటే ఆయన మర్యాదగా వద్దని పంపించేస్తున్నారు. మీరిచ్చే అద్దె అలాంటి చోటికి చేరుతుంది. మీ ఆవిడ మాట ఈసారికి వినండి. ముందు రెండు రాత్రులకే గది తీసుకోండి.

ప్రశ్న: ఆంటీ, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. డిసెంబరులో ఒక్కదాన్నే కొచ్చి వెళ్లి, అక్కడ రెండేళ్లకోసారి పెట్టే కళాప్రదర్శన బియెనాలె చూడాలని ఉంది. అమ్మానాన్న హోటలైతే సరే, తెలియని వాళ్ల ఇల్లు వద్దంటున్నారు. వాళ్లకు ఏం చెప్పను? (కరీంనగర్ అమ్మాయి)

జవాబు: తల్లీ, ఆంటీ అన్నావు కాబట్టి చనువుగా నువ్వనే అంటాను. వాళ్లకు మాటలు చెప్పకు, వివరాలు చూపించు. కేరళ పర్యాటక శాఖ ఇలాంటి ఇళ్లను పరిశీలించి డైమండ్, గోల్డ్, సిల్వర్ అని వర్గీకరించి ధ్రువపత్రం ఇస్తుంది. కేంద్ర పర్యాటక శాఖకూ ఇలాంటి పథకమే ఉంది. ఆరు గదులు మించకూడదనీ, ఇంటివాళ్లు ఆ ఇంట్లోనే కాపురం ఉండాలనీ అందులో షరతు. ఆ ధ్రువపత్రం ఉందా అని అడుగు. ఉన్నవాళ్లు సంతోషంగా ఫొటో తీసి పంపుతారు.

తర్వాత ఫోను చేసి మాట్లాడు. రాతలో తెలియనిది గొంతులో తెలుస్తుంది. గది తలుపుకు లోపలి నుంచి గడియ ఉందా, స్నానాలగది గదిలోనే ఉందా, రాత్రి ఎన్నింటిదాకా వీధి తలుపు తీస్తారు, ఆ రోజుల్లో ఇంటావిడ ఊళ్లోనే ఉంటారా అని అడుగు. చివరి ప్రశ్న మరీ ముఖ్యం. అమ్మను కూడా ఆ ఫోనులో కలుపు. ఇద్దరు ఆడవాళ్లు ఐదు నిమిషాలు కూరల గురించి మాట్లాడుకుంటే సగం భయం దానంతట అదే పోతుంది. గుర్తింపు కోసం ఆధార్ అడుగుతారు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని అదే ఇవ్వు.

దూరం నుంచి వచ్చేదానివి కాబట్టి పగటిపూట చేరేలా టికెట్టు తీసుకో. ఎర్నాకుళంలో దిగి, బోటు జెట్టి నుంచి ప్రభుత్వ బోటు ఎక్కితే కొద్ది రూపాయలతో ఫోర్ట్ కొచ్చిలో దిగుతావు. 2023లో మొదలైన వాటర్ మెట్రో అనే బోటు సర్వీసు ఇప్పుడు హైకోర్టు జెట్టి నుంచి ఫోర్ట్ కొచ్చికి కూడా నడుస్తోంది. దిగాక ఆటో అతను "ఆ ఇల్లు మూసేశారు, మంచిది నేను చూపిస్తాను" అంటే నమ్మకు. నేరుగా ఇంటివాళ్లకు ఫోను చెయ్యి. సాయంత్రం తీరం వెంట నడిచి, చీకటి పడ్డాక మాత్రం జనం ఉన్న వీధుల్లోనే తిరుగు. మట్టాంచేరి గోదాముల వైపు బజార్ రోడ్డు పగలంతా అల్లం, మిరియాల బస్తాలతో కిటకిటలాడుతుంది. రాత్రి దుకాణాలు మూశాక అక్కడ మనిషి కనిపించడు.

ప్రశ్న: బియెనాలె, కార్నివాల్, వర్షాలు. వీటిలో ఏది చూసుకుని వెళ్లాలి? (నెల్లూరు)

జవాబు: కొచ్చి–ముజిరిస్ బియెనాలె 2012 డిసెంబరు 12న మొదలైంది. బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు చిత్రకారులు పూనుకుంటే వచ్చింది అది. రెండేళ్లకోసారి అన్నది పేరులో ఉన్న లెక్క. కానీ 2018 తర్వాతిది కోవిడ్ వల్ల 2022 డిసెంబరులో జరిగింది, ఆ తర్వాతిది 2025 డిసెంబరులో గానీ రాలేదు. కాబట్టి టికెట్టు తీయకముందు ఆ ఏడు ఉందో లేదో చూసుకోండి. ఉంటే డిసెంబరులో మొదలై మార్చి దాకా సాగుతుంది. అందరూ డిసెంబరులోనే ఎగబడతారు. నేనైతే జనవరి మూడో వారం తర్వాత వెళ్లమంటాను. గదుల అద్దె దిగుతుంది. ప్రదర్శనల్లో నిలబడి చూసే చోటు దొరుకుతుంది. పెద్ద ప్రదర్శనలు చూసి అలసిపోయి విద్యార్థుల బియెనాలెను వదిలేయకండి. దేశంలోని ఆర్ట్ కాలేజీల పిల్లల పని అది. మట్టాంచేరి పాత గోదాముల్లో తిరుగుతూ దాన్ని చూడటమే నాకు అన్నిటికన్నా ఇష్టం.

కొచ్చిన్ కార్నివాల్ డిసెంబరు ఆఖరి వారంలో. 31 అర్ధరాత్రి పాప్పాంజి అనే భారీ ముసలాయన బొమ్మను తగలబెట్టి కొత్త ఏడాదిని ఆహ్వానిస్తారు. చూడవలసిన సంబరమే. కానీ ఆ రాత్రి ఫోర్ట్ కొచ్చిలో ఇసుక వేస్తే రాలనంత జనం. తిరుగు ప్రయాణానికి బోటు గానీ బస్సు గానీ దొరకడం గగనం. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే 30 నుంచి 1 దాకా ఆ ఛాయలకు పోవద్దు.

ఇక జూన్ నుంచి వర్షాలు. నాకు ఇష్టమైన కాలం. గదులు సగం ధరకు వస్తాయి, ఇంటివాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది. కాగితాలకు బూజు పట్టకుండా వాళ్లు పడే పాట్లు చూడాలంటే అదే సమయం. గొడుగు, త్వరగా ఆరే బట్టలు, దోమల మందు తీసుకెళ్లండి. ఫోర్ట్ కొచ్చి దోమల గురించి ఎవరూ ముందు చెప్పరు, అందుకని నేను చెబుతున్నాను: ఏ కాలంలోనైనా ఉంటాయి. దోమతెర లేని గది తీసుకోకండి.

ప్రశ్న: మేము శాకాహారులం. గుడ్డు కూడా తినం. అక్కడ అన్నింట్లో చేపలేనట కదా, ఫలహారానికైనా ఇబ్బంది ఉండదా? (విజయవాడ)

జవాబు: ఫలహారానికి ఏ ఇబ్బందీ లేదు. పుట్టుకు జోడీ కడల కూర, అంటే నల్ల శనగల కూర. అప్పానికి కొబ్బరిపాలతో చేసిన కూరగాయల స్ట్యూ. ఇడియప్పం, ఆవిరి మీద ఉడికించిన నేంద్రం అరటిపండు. వీటిలో ఏదీ మీకు అడ్డు రాదు. గది మాట్లాడుకునేటప్పుడే చెప్పండి, ఎందుకంటే వాళ్లింట్లో అప్పంలోకి రోజూ వండేది గుడ్డు కూర. కొబ్బరినూనె వాసన మొదటి రోజు కాస్త తేడాగా ఉంటుంది, రెండో రోజుకు అలవాటవుతుంది. బల్ల మీద లేత గులాబీ రంగులో వేడినీళ్లు పెడితే కంగారు పడకండి. పతిముఖం అనే చెక్క పొట్టు వేసి మరిగించిన తాగునీళ్లు అవి.

మధ్యాహ్నం, రాత్రి భోజనం ఇంటివాళ్ల బాధ్యత కాదు. మట్టాంచేరిలో గుజరాతీలు, కొంకణీలు, జైనులు తరతరాలుగా ఉంటున్నారు. గుజరాతీ రోడ్డు వైపు వెళితే మీకు తగిన భోజనం దొరుకుతుంది. మన నాలుక ఊరుకోదు కాబట్టి ఒక చిన్న సీసాలో గోంగూర పచ్చడి తీసుకెళ్లండి, ఇంటివాళ్లకు కూడా రుచి చూపించండి. నేను పట్టుకెళ్లిన ఆవకాయను ఆవిడ కప్ప అనే కర్రపెండలం కూరతో నంజుకున్నారు. ఆ జోడీ అద్భుతం.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, ఉబ్బసం ఉంది. బొమ్మలు వేసే ఇల్లంటే వాడికి ఎంతో ఉత్సాహం. రంగుల వాసన పడుతుందా? (ఒంగోలు తల్లి)

జవాబు: అమ్మా, ఇది తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న. ఆ ఇంట్లో ఏ పని జరుగుతుందో దాన్ని బట్టి ఉంటుంది. తైలవర్ణాల్లోని అవిసె నూనె వల్ల పెద్ద ఇబ్బంది లేదు. వాటిని పలుచన చేయడానికి, కుంచెలు కడగడానికి వాడే టర్పెంటైనుతోనే చిక్కు. దాని ఆవిరి ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు. ఎచింగు చేసే చోట ఆమ్లాలు, ఫెర్రిక్ క్లోరైడు ఉంటాయి. శిల్పులు ఫైబర్ పోతపోసే ఇల్లయితే రెజిన్ వాసన ఘాటుగా ఉంటుంది, పైగా దాన్ని గీకితే సన్నని దుమ్ము లేస్తుంది. అలాంటి చోటికి బాబును తీసుకెళ్లవద్దు. నీటిరంగులు, ఆక్రిలిక్, పెన్సిలు, నేత పని చేసేవాళ్ల ఇల్లు చూసుకోండి.

అడిగేటప్పుడు "వాసన వస్తుందా" అని అడగకండి. రోజూ ఆ వాసనలో ఉండేవాళ్లకు అది తెలియదు, రాదనే చెబుతారు. "ఏ మాధ్యమంలో పని చేస్తారు, పనిగది మా గదికి కిందా పక్కనా, టర్పెంటైను వాడతారా" అని అడగండి. పాత ఇళ్లలో పై అంతస్తు నేల చెక్క పలకలతో ఉంటుంది, కింది గదిలో సీసా మూత తీస్తే పైకి వచ్చేస్తుంది. వర్షాకాలంలో గోడల చెమ్మ, బూజు కూడా బాబుకు మంచివి కావు. మీరు ఫిబ్రవరిలో వెళ్లండి. బాబు మందులు, ఇన్‌హేలరు చేతిసంచీలోనే ఉంచుకోండి.

ప్రశ్న: నాకు మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కగలనా? (రాజమహేంద్రవరం)

జవాబు: పాత డచ్చి ఇళ్ల చెక్క మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఒక పక్కే కమ్మీ ఉంటుంది. లిఫ్టు ఉండదు. కింది గది ఉన్న ఇల్లే తీసుకోండి, దొరకకపోతే హోటలుకు వెళ్లండి.

ప్రశ్న: నెట్లో "చిత్రకారుడి ఇల్లు" అని చూసి డబ్బు కట్టి వెళ్లాం. వెళ్లాక అక్కడ చిత్రకారుడు లేడు. తాళం చెవి ఇచ్చిన కుర్రవాడు తప్ప ఇంకెవరూ లేరు. గోడ మీద నాలుగు ప్రింట్లు వేలాడదీశారు. ఇలాంటివి ముందే ఎలా కనిపెట్టాలి? (హైదరాబాదు దంపతులు)

జవాబు: మీ బాధ అర్థమైంది. ఆర్టు పేరు చెబితే అద్దె పెరుగుతుందని గ్రహించినవాళ్లు ఆ ఊళ్లో కొందరున్నారు. మీరు పేరు రాసిన ఇంటి సంగతి పత్రికలో వేయడం లేదు గానీ, మీ అనుభవం మిగతావారికి పనికొస్తుంది.

ముందుగా ఫొటోలు చూడండి. నిజంగా పని జరిగే ఇంట్లో ఎక్కడో ఒకచోట చిందరవందర ఉంటుంది. గోడకు ఆనించిన సగం బొమ్మ, రంగు మరకల నేల, గుడ్డపేలికలు. అన్ని ఫొటోల్లోనూ తెల్ల దుప్పట్లు, ఒక పూలకుండీ మాత్రమే ఉంటే అనుమానించండి. ఆ తర్వాత చిత్రకారుడి పేరు అడగండి. పని చేసేవాళ్లు ఎక్కడో ఒకచోట ప్రదర్శన పెట్టి ఉంటారు, పేరుతో వెతికితే బొమ్మలు కనిపిస్తాయి. "ఇప్పుడు ఏం వేస్తున్నారు" అని ఫోనులో ఒక్క మాట అడిగి చూడండి. నిజమైనవాళ్లయితే ఆపడం మీ తరం కాదు. లేనివాళ్లు గది అద్దె చెప్పి ఊరుకుంటారు.

పూర్తి డబ్బు ముందే కట్టకండి. చిన్న ఇళ్లవాళ్లు సాధారణంగా ఒక రాత్రి అద్దె బయానాగా అడుగుతారు, అది న్యాయమే. మీరు చివరి నిమిషంలో మానేస్తే మూడు గదుల్లో ఒకటి ఖాళీగా మిగిలిపోతుంది మరి.

ప్రశ్న: మా కోడలిది అమెరికా పాస్‌పోర్టు. ఇళ్లల్లో ఉండనిస్తారా? (తెనాలి)

జవాబు: ఉండనిస్తారు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగిన 24 గంటల్లో ఇంటివాళ్లు విదేశీ అతిథుల వివరాల ఫారం (ఫారం–సి అని పిలుస్తూ వచ్చినది) ఆన్‌లైన్లో నింపి అధికారులకు పంపాలి. పాస్‌పోర్టు, వీసా నకళ్లు తీసి ఉంచుకోండి. ఆ ఫారం ఏమిటని ఇంటివాళ్లే ఎదురు అడిగితే అక్కడ దిగవద్దు.

ప్రశ్న: ఉన్న మూడు రోజులూ వాళ్ల బొమ్మల మధ్యే గడిపాం. వచ్చేటప్పుడు ఏదైనా కొనకపోతే బాగుండదేమో అనిపించింది. బేరం ఆడవచ్చా? కొంటే రైల్లో ఎలా తేవాలి? (వరంగల్)

జవాబు: కొనాలన్న నియమం లేదు. మీరు గది అద్దె ఇచ్చారు, వాళ్లు గది ఇచ్చారు, లెక్క సరిపోయింది. మంచి ఇళ్లలో కొనమని ఎవరూ అడగరు. అడిగి ఇబ్బంది పెట్టే ఇంటికి మళ్లీ వెళ్లకండి. కానీ ఒక బొమ్మ మీ కళ్లకు అంటుకుపోయిందనుకోండి, రెండో రోజు కూడా దాని ముందు ఆగిపోయారనుకోండి, అప్పుడు అడగండి.

బేరం మాట. పెద్ద తైలవర్ణ చిత్రం కొనే స్తోమత మనలో ఎంతమందికి ఉంటుంది? అందుకే నేను ముద్రలు కొనమంటాను. ఎచింగు, కొయ్య అచ్చు లాంటివి ఒకే రేకు నుంచి లెక్క ప్రకారం తీస్తారు. అడుగున ఎడమ పక్క పెన్సిలుతో 4/20 అని ఉంటే, తీసిన ఇరవైలో ఇది నాలుగోదని అర్థం. కుడి పక్క సంతకం ఉంటుంది. అందుబాటు ధరకు చిత్రకారుడి చేతి పని దొరుకుతుంది. దాని ధర తగ్గించమని నేను అడగను, మీరూ అడగకండి. ఆ రేకు మీద గీత గీత చెక్కడానికి ఆవిడకు ఎన్ని రాత్రులు పట్టిందో పక్క గదిలో ఉండి చూశాను. డబ్బు చాలకపోతే "చిన్నది ఏదైనా ఉందా" అని అడగండి. అది మర్యాద, ఇద్దరికీ బాగుంటుంది. రసీదు తీసుకోండి. బొమ్మ పేరు, మాధ్యమం, కొలతలు, వేసిన సంవత్సరం అందులో రాయించుకోండి.

తేవడం సంగతి. కాగితం మీద ముద్రనైతే రెండు గట్టి అట్టల మధ్య పెట్టి టేపు వేసి, బెర్తు మీద పరుపు కింద పరిచేయండి. మడవవద్దు. కాన్వాసైతే చట్రం నుంచి విప్పించి చుట్టాలి. అందరూ రంగును లోపలికి పెట్టి చుడతారు, అలా చేస్తే రంగు ముడతపడి పెచ్చులూడుతుంది. రంగు వేసిన వైపు బయటికి ఉండేలా, పైన బటర్ పేపరు పరిచి, వీలైనంత లావు పీవీసీ గొట్టానికి వదులుగా చుట్టాలి. మొన్నమొన్న వేసిన తైలచిత్రాన్ని అసలు చుట్టకూడదు. పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఆరడానికి నెలలు పడుతుంది. అలాంటిదైతే డబ్బు కట్టి అక్కడే ఉంచండి, ఆరాక పెట్టెలో పంపిస్తారు. మన వైపు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ గుంటూరు, నెల్లూరు మీదుగా ఎర్నాకుళం టౌన్ వెళుతుంది. గొట్టాలు, అట్టలు పట్టుకుని రైలు మారే బాధ లేకుండా నేను దానిలోనే వస్తాను.

ప్రశ్న: బొమ్మలు సరే, ఆ ఇంట్లో దిగి ఊళ్లో ఇంకేం చూడాలి? (కర్నూలు)

జవాబు: మట్టాంచేరి ప్యాలెస్ తప్పక చూడండి. పోర్చుగీసువారు 1555 ప్రాంతంలో కట్టి కొచ్చి రాజుకు ఇచ్చారు, 1663లో డచ్చివారు బాగుచేశారు. దానికి డచ్చి ప్యాలెస్ అనే పేరు అలా వచ్చింది. రాజు పడకగది గోడల నిండా రామాయణం. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపుతోనే అంత కథ నడిపించారు. ఒక్కో బొమ్మలో మనుషులు ఒకరినొకరు తోసుకుంటున్నట్టు ఖాళీ లేకుండా నిండిపోయి ఉంటారు. కిటికీ దగ్గర నిలబడి కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. శుక్రవారం మూసివేస్తారు. పక్కనే 1568 నాటి పరదేశి యూదుల ప్రార్థనామందిరం. అక్కడ నేల మీద పరిచిన నీలిరంగు చీనా పలకలు చూడండి. అది శనివారం మూత. శుక్రవారం ఒక్కరోజే ఊళ్లో ఉంటే ప్యాలెస్, శనివారం ఒక్కరోజే ఉంటే ప్రార్థనామందిరం పోతుంది.

సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో 1524లో ఈ ఊళ్లోనే చనిపోయిన వాస్కో డ గామాను మొదట సమాధి చేసిన చోటు ఉంది. తర్వాత అవశేషాలను పోర్చుగల్‌కు తీసుకెళ్లారు. ఇవన్నీ అందరూ చెప్పేవే. ఫోర్ట్ కొచ్చిలోనే వెళి అనే చోట దోభీఖానా చూశారా అని నేను అడుగుతాను. తమిళనాడు నుంచి వచ్చి తరాలుగా స్థిరపడిన వణ్ణార్ కుటుంబాలు అక్కడ బట్టలు ఉతుకుతాయి. ఆరేయడానికి క్లిప్పులు ఉండవు. పేనిన కొబ్బరి తాళ్ల పురి మధ్య బట్ట అంచు దూర్చేస్తారు, ఎంత గాలికైనా జారదు. ఈ ఊళ్లో మీ గదిలో వేసే దుప్పటి బహుశా అక్కడి నుంచి వచ్చిందే.

ప్రశ్న: నేను చిత్రకారిణిని. విశాఖలో పెదవాల్తేరు వైపు అత్తగారి పాత ఇల్లు ఉంది. మావారు రిటైరయ్యారు. మేమూ మూడు గదులు ఇలా ఇవ్వగలమా? దీనివల్ల నా బొమ్మలు వెనకబడతాయేమో అని భయం. (విశాఖపట్నం)

జవాబు: ఇవ్వగలరు, ఇవ్వండి కూడా. సముద్రం ఉంది, ఏడాది పొడుగునా వచ్చేపోయేవాళ్లున్నారు. విశాఖలో చిత్రకారుల ఇంట బస దొరుకుతుందంటే ముందు నేనే వస్తాను.

మీ భయం విషయానికి వద్దాం. చెన్నై శివార్లలో చోళమండల్ కళాకారుల గ్రామం ఉంది కదా. కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో మద్రాసు చిత్రకళా కాలేజీ చిత్రకారులు 1966లో దాన్ని నెలకొల్పారు. బతుకుదెరువు కోసం వాళ్లు బాతిక్ (మైనంతో గుడ్డ మీద వేసే అద్దకం) లాంటి చేతిపనులు చేసి అమ్ముకున్నారు. ఆ డబ్బుతో స్థలం కొని, ఇళ్లు కట్టుకున్నారు. పూట గడవడానికి బొమ్మలు అమ్ముకోవాల్సిన అవసరం లేకపోవడంతో తాము వేయాలనుకున్నవే వేయగలిగారు. మీకు బాతిక్ స్థానంలో గదులు అనుకోండి. అయితే బాతిక్ అర్ధరాత్రి తలుపు కొట్టదు, అతిథి కొడతారు. అందుకే పని గంటలు ముందే కట్టడి చేసుకోండి. ఫలహారం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర. పది నుంచి నాలుగు వరకు పనిగది తలుపు మూసి ఉంటుందని గది తీసుకునేటప్పుడే చెప్పండి. కొచ్చిలో ఆయన తలుపు మూసి ఉంటే మేమెవరం తట్టం, తెరిచి ఉంటే చెప్పులు బయట వదిలి లోపలికి వెళతాం. ఎవరూ నొచ్చుకోరు. రాకపోకలు, లెక్కలు, ఫోన్లు మీవారికి అప్పగించండి. రిటైరైన మనిషికి ఇంతకంటే మంచి పని ఏముంది?

జిల్లా పర్యాటక కార్యాలయంలో దరఖాస్తు గురించి కనుక్కోండి. మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నారు, మూడే గదులు, కాబట్టి పైన చెప్పిన కేంద్ర పథకంలోని ఆ రెండు షరతులూ మీకు ముందే తీరాయి. ఫలహారానికి కేరళను, గోవాను అనుకరించవద్దు. పెసరట్టు, ఉప్మా, అల్లం పచ్చడి పెట్టండి. మాడుగుల హల్వా ఒక ముక్క పెట్టండి. ఏటికొప్పాక లక్కబొమ్మల ఊరు మీ పక్క జిల్లాలోనే ఉంది. వచ్చినవాళ్లకు ఒక రోజు అక్కడికి వెళ్లే దారి చెప్పండి, ఆ లక్కపనివాళ్ల దగ్గరే కొనమని చెప్పండి. గదుల్లో గోడ గోడకూ మీ బొమ్మలే వేలాడదీయకండి. గదికి ఒకటి చాలు, మంచం మీద పడుకుంటే ఎదురుగా కనిపించేలా.

మీరు పంపిన ఫొటోల్లో గదులు చాలా బాగున్నాయి. కిటికీలు పెద్దవి, వెలుతురు ఉత్తరం నుంచి వస్తోంది. ఆ ఉత్తరం గదిని మాత్రం అద్దెకివ్వకండి, అది మీ పనిగది కావాలి. ఆ వెలుతురు రోజంతా మారదు, అలాంటిది మళ్లీ కట్టించుకోలేరు. స్నానాలగది ఫొటో ఒక్కటీ పంపలేదు. పాత ఇల్లు కాబట్టి అది ఎలా ఉందో ఊహించగలను. రంగులు, సున్నాలు తర్వాత చూసుకోవచ్చు. ముందు ప్లంబరును పిలిపించి గొట్టాలు మార్పించండి. జారని నేల, వేడినీళ్లు, మంచి గడియ పెట్టించండి. అవి కాగానే ఇంకో ఉత్తరం రాయండి, అద్దె ఎంత పెట్టాలో అప్పుడు లెక్కవేద్దాం.